43 పెద్దదా, 36 పెద్దదా? మా బామ్మర్దికి జవాబు

2025లో దసరా సరిగ్గా గాంధీ జయంతి నాడే పడింది. ఆ రోజు యాటకూర దొరకదని దేవరకొండలో మా అత్తగారింట్లో ముందురోజు రాత్రే తెచ్చి డీప్ ఫ్రిజ్‌లో పెట్టారు. పొద్దున బయటికి తీస్తే సంచి మీద తెల్లటి పొర గడ్డకట్టి ఉంది. దాన్ని గోటితో గీకుతూ మా బామ్మర్ది నా వైపు చూశాడు.

"బావా, నీ క్లామర్ గీ మంచు మీద ఎన్ని రేసులు గెలిచిండు?"

"వరల్డ్ కప్ డౌన్‌హిల్స్ ఇరవై అయిదు."

"లిండ్సే వాన్?"

"నలభై మూడు."

"మరింకేంది లొల్లి? ఇరవై అయిదు పెద్దదా, నలభై మూడు పెద్దదా?"

డౌన్‌హిల్ అంటే మంచు కొండ పైనుంచి కిందికి స్కీల మీద దిగే రేసు. ఏటా సీజనంతా ఊరూరా జరిగే ఆ రేసుల వరసే వరల్డ్ కప్. క్లామర్ ఆస్ట్రియా వాడు, వాన్ అమెరికా ఆమె. ఆ ఇంట్లో ఎవరూ పుట్టి బుద్ధెరిగిన తర్వాత మంచు పడటం చూడలేదు. నేనూ చూడలేదు. అయినా ఏటా పండక్కి మేమిద్దరం ఇదే తగువు పడతాం. వాడు హైదరాబాద్‌లో అమెరికా వాళ్ల కోసం రాత్రి డ్యూటీ చేస్తాడు. ఆఫీసు క్యాంటీన్ టీవీలో స్కీ రేసులు చూడటం అలవాటైంది. నేను నల్లగొండలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. నాది ఇంకా పాత జబ్బు. ఆ పొద్దు నా జవాబు సగంలో ఉండగానే కుక్కర్ కూత పెట్టింది. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. ముందే చెప్తున్నా, నా జవాబులో క్లామర్ గెలవడు. వాడి లిండ్సే వాన్ కూడా గెలవదు. పైన రాసిన 36 ఇంకొకరిది, ఆ పేరు తర్వాత వస్తుంది.

జబ్బు ఎప్పుడు అంటుకుందో చెప్పాలి. 1998 ఫిబ్రవరి. లోక్‌సభ ఎన్నికల ప్రచారం. రెండేళ్ల కిందటే ఫ్లోరైడ్ నీళ్ల గోడు ఢిల్లీకి వినపడాలని ఒక్క సీటుకు 480 మంది నిలబడి బ్యాలెట్ పేపర్ని పుస్తకం చేసిన నల్లగొండ మాది. ఈసారి అంతమంది లేరు గానీ మైకులకు ఏం తక్కువ లేదు. రామగిరిలో అద్దె గదిలో ఉండి డిగ్రీ చదువుకుంటున్నాను. ఇంటి ఓనరు ముందుగదిలో కేబుల్ టీవీ నడుస్తోంది. బయట ఆటో మైకు గోలలో టీవీ మాట ఒక్కటీ వినపడటం లేదు, బొమ్మ మాత్రం కనపడుతోంది. ఆ బొమ్మలో ఒక మనిషి గాలిలో అడ్డంగా ఉన్నాడు. నేలకు సమాంతరంగా, పరుపు మీద పడుకున్నట్టు. తర్వాత తల, భుజం మంచుకు తగిలి, పల్టీలు కొట్టి, రక్షణ వలలు తెంపుకుని అవతల పడ్డాడు. ఓనరు "పాయె, పాపం" అన్నాడు. మూడు రోజుల తర్వాత అదే మనిషి సూపర్-జీ అనే, డౌన్‌హిల్ కంటే మలుపులు ఎక్కువుండే ఇంకో రేసులో బంగారు పతకం గెలిచాడు. ఇంకో మూడు రోజులకు, మలుపులు ఇంకా ఎక్కువుండే జెయింట్ స్లాలమ్‌లో ఇంకొకటి.

ఆయన హెర్మన్ మైయర్, ఆస్ట్రియా. స్కీలెక్కక ముందు తాపీ పని చేసినవాడు. చిన్నప్పుడు బక్కగా ఉన్నాడని స్కీ అకాడమీ నుంచి పంపించేశారు. ఈ సంగతులన్నీ చాలా ఏళ్ల తర్వాత ఇంటర్నెట్‌లో చదివాను. ఆ రోజుకు నాకు తెలిసింది ఒక్కటే, ఆ ఆట జారుడు బండ ఆట అని.

జారుడు బండ అంటే పార్కులో రేకుతో చేసినది కాదు. మా ఊరు నకిరేకల్ దగ్గర. ఊరి వెనక గుట్టకు నిజంగానే జారే బండ ఉండేది, నున్నటి నల్లరాయి. తాటికమ్మ మీద కూర్చుని, మట్ట ముందుకు పట్టుకుని జారేవాళ్లం. ఎన్నిసార్లు లాగు చినిగిందో, ఎన్నిసార్లు వీపు పగిలిందో లెక్కలేదు. ఆ బండ మీద వంతులకు కొట్లాట అయ్యేది. ఎందుకంటే పది కమ్మలు రుద్దుకుంటూ పోయాక రాయికి పచ్చి పసరు పట్టి ఇంకా జారుడయ్యేది. ఆఖరున దిగినవాడికి లాభం. మా పెద్దబాపు బిడ్డ ఒకామె ఉండేది, మాకంటే రెండేళ్లు పెద్ద. ఎన్నో వంతులో కూర్చున్నా మా అందరి కంటే దూరం పోయేది. గోలీలు పెట్టి పందెం కాసేటప్పుడు మాత్రం ఆమె పేరు ఎవరూ తీసేవాళ్లు కాదు. ఆమె గెలుపు పందెంలోకి రాదన్నట్టు ఉండేది.

మంచు మీద వంతుల సంగతి తలకిందులు. ముందు దిగినవాళ్ల స్కీ అంచులు మంచును కోసి గాళ్లు చేస్తాయి. వెనక వచ్చేవాడు ఆ గుంతల్లో ఎగిరెగిరి పడుతూ రావాలి. ఇది గుర్తుపెట్టుకోండి, క్లామర్ దగ్గర పనికొస్తుంది.

కొంచెం లెక్క కూడా కావాలి. ఆస్ట్రియాలో కిట్స్‌బ్యూల్ అనే ఊళ్లో ష్ట్రైఫ్ అనే వాలు ఉంది. డౌన్‌హిల్ వాళ్లకు అదే కాశీ. పొడవు 3,312 మీటర్లు, పై గేటుకూ కింది గేటుకూ ఎత్తు తేడా 860 మీటర్లు. మన నాగార్జునసాగర్ డ్యామ్ ఎత్తు 124 మీటర్లు. అలాంటివి దాదాపు ఏడు ఒకదాని మీద ఒకటి పేర్చి, పైనుంచి కిందికి రెండు నిమిషాల లోపు దిగాలి. మా క్లాసులో ఏటా బోర్డు మీద ఈ లెక్క ఇస్తాను. గాలీ రాపిడీ లేవనుకుంటే కిందికి వచ్చేసరికి వేగం ఎంత? పిల్లలు సూత్రం వేసి సెకనుకు 130 మీటర్లని తేలుస్తారు. అంటే గంటకు 467 కిలోమీటర్లు. నిజం రేసులో ఆఖరి వాలు మీద 140 పైచిలుకు దాకా పోతారు. శక్తి వేగానికి వర్గంలో ఉంటుంది కాబట్టి, గుట్ట ఇచ్చిన శక్తిలో నూటికి తొంభై పాళ్లు దారిలోనే ఖర్చయిపోయింది. కొంత గాలికి, కొంత మంచుకు, మిగతాది మలుపుల్లో. ఒక పిల్ల లేచి అడిగింది: "అంటే సార్, గెలిచినాయన తక్కువ దుబారా చేసినాయనా?" అంతేనమ్మా, అంతకంటే బాగా నేను చెప్పలేను. గుట్ట అందరికీ ఒక్కటే జీతం ఇస్తుంది. నెలాఖరుకు ఎవరి చేతిలో ఎంత మిగిలిందన్నదే పనితనం.

ఇదే వీడియో ఫోన్లో చూపిస్తే మా అత్తగారి అనుమానం వేరు. "దిగుడైతే దిగిండు బిడ్డా, మల్ల పైకెట్ల ఎక్కుతడు?" లిఫ్టు ఉంటదత్తమ్మా అన్నాను. "అట్లయితే గొప్పేముంది" అని లోపలికి పోయింది.

సరే, తగువులోకి వస్తాను. కాలాలు వేరైన ఇద్దరిని పోల్చాలంటే ముందుగా అందరికీ తోచేది గడియారం. అది పనికిరాదు. ష్ట్రైఫ్ మీద రికార్డు 1 నిమిషం 51.58 సెకన్లు, ఫ్రిట్స్ ష్ట్రోబుల్ 1997లో పెట్టాడు. ఆయన 2002లో ఒలింపిక్ డౌన్‌హిల్ కూడా గెలిచాడు, మంచి రేసరే. కానీ ప్రపంచంలో ఏ స్కీ పిచ్చోణ్ని లేపి అడిగినా అందరికంటే గొప్పవాడు ష్ట్రోబుల్ అనడు. దారి చూపే జెండా కర్రలను, అంటే గేట్లను, ఏటా కొత్తగా పాతుతారు. ఒక ఏడు గాలి ఎక్కువుంటే పై భాగం కోసేసి కింది నుంచి మొదలుపెడతారు. మంచు కూడా ఆకాశం నుంచి పడ్డ దూదిపింజ అనుకోకండి. దాంట్లోకి నీళ్లు ఎక్కించి గడ్డ కట్టిస్తారు, గచ్చులాగా గట్టిపడుతుంది. ఇక స్కీల సంగతి. 1956లో కట్టె స్కీలను తోలు పట్టీతో కాలికి బిగించుకునేవాళ్లు. 1960లో ఫ్రాన్స్ వాడు జాన్ వార్నే లోహపు స్కీల మీద, గుడ్డులాగా ముడుచుకుని కూర్చునే భంగిమలో దిగి ఒలింపిక్స్ గెలిచాడు. ఇవాళ రేసర్లందరూ టక్ అని వేసేది ఆ ముడుపే. ఇప్పుడు మగవాళ్ల స్కీ పొడవు 218 సెంటీమీటర్లు, డ్రెస్సు లోపల పడితే ఉబ్బే ఎయిర్‌బ్యాగ్. దాన్ని 2024-25 సీజన్ నుంచి తప్పనిసరి చేశారు. ఈ రెండు కాలాల గడియారాలను పక్కపక్కన పెట్టడమంటే ఎద్దుల బండి బేరాన్ని బుల్లెట్ బండి బేరంతో పోల్చడమే.

అప్పుడు మిగిలేది తోటివాళ్లతో తేడా. ఇది నాకు నచ్చిన కొలతే, అయినా దీంట్లోనూ ఒక మోసం ఉంది. కిట్స్‌బ్యూల్ పిల్లవాడు టోనీ సైలర్ 1956 కోర్టినా ఒలింపిక్స్‌లో డౌన్‌హిల్‌ను మూడున్నర సెకన్ల తేడాతో గెలిచాడు. రేసు మొదలయ్యే ముందు బిగిస్తుంటే పట్టీ తెగింది. ఇటలీ జట్టు కోచ్ ఒకాయన తన స్కీ పట్టీ విప్పి ఇస్తే అది కట్టుకుని దిగాడు. మిగతా రెండు పోటీలూ ఆయనే గెలిచాడు. ఇవాళ మూడున్నర సెకన్ల తేడా అంటే మొదటివాడికీ ముప్పైయో వాడికీ మధ్య దూరం. సైలర్ అంత పైనున్నాడా, మిగతావాళ్లు అంత కిందున్నారా? రెండూ కొంత కొంత నిజం. పన్నెండేళ్ల తర్వాత 1968లో ఫ్రాన్స్ వాడు కిలీ కూడా సైలర్ లాగే మూడూ గెలిచాడు గానీ, డౌన్‌హిల్‌లో తేడా 0.08 సెకను. పోటీ చిక్కబడేకొద్దీ తేడా పల్చబడుతుంది. 2014 సోచిలో ఆడవాళ్ల డౌన్‌హిల్‌లో అయితే టీనా మాజే, డొమినిక్ గీసిన్ ఇద్దరికీ ఒకే టైము వచ్చి రెండు బంగారు పతకాలు ఇవ్వాల్సి వచ్చింది.

కిట్స్‌బ్యూల్ ఒక్కటే గీటురాయి అనేవాళ్లు ఉన్నారు. వాళ్లకు స్విట్జర్లాండ్ వాడు డిడియర్ కూష్ దేవుడు, అక్కడ డౌన్‌హిల్ అయిదుసార్లు గెలిచాడు. కటిక పని నేర్చుకున్నవాడు. ఈ ముక్క చెప్పినప్పుడు మా బామ్మర్ది యాటకూర గిన్నెలోకి అదోలా చూశాడు. ఆ దేశం వాడే బెయాట్ ఫాయిట్స్ వరసగా నాలుగేళ్లు డౌన్‌హిల్ గ్లోబ్ గెలిచాడు, అంటే సీజన్ మొత్తం డౌన్‌హిల్స్‌లో మొదటివాడికిచ్చే కప్పు. నార్వే వాడు స్విందాల్ 2007లో బీవర్ క్రీక్‌లో చావు దాకా వెళ్లి, ఏడాది తర్వాత అదే వాలు మీద గెలిచాడు. గుండె ధైర్యానికి పెద్దపీట వేస్తే నేనూ స్విందాల్‌కే వేస్తాను. స్విట్జర్లాండ్ వాడు ఓడర్‌మాట్ గురించి ఇప్పుడే మాట్లాడను, ఆయన ఇంకా ఆడుతున్నాడు. మైయర్‌ను నేను విడిచిపెట్టడం మాత్రం చాలామందికి మింగుడుపడదు. 54 గెలుపులు ఆయనవి, కానీ అందులో డౌన్‌హిల్స్ పదిహేనే. నన్ను ఈ ఆటలోకి లాగిన మనిషే అయినా, ఆయన బలం సూపర్-జీ, జెయింట్ స్లాలమ్.

ఇప్పుడు ఫ్రాంట్స్ క్లామర్. మగవాళ్లలో ఇరవై అయిదు డౌన్‌హిల్స్ దాటినవాడు ఇప్పటిదాకా లేడు. ఆయన ఆఖరి గెలుపు 1984లో. నలభై ఏళ్లు దాటింది, ఎందరో వచ్చి పోయారు, ఆ అంకె అట్లాగే ఉంది. అయినా జనం గుర్తుపెట్టుకున్నది ఆ అంకెను కాదు, ఒకే ఒక్క పరుగును. 1976 ఫిబ్రవరి 5, ఇన్స్‌బ్రుక్, పాచెర్‌కోఫెల్ కొండ. సొంత దేశంలో ఒలింపిక్స్, కొండ కింద వేలాది జనం. ముందు వరస పదిహేను మందిలో ఆయన నంబరు పదిహేను. జారుడు బండ మీదైతే మంచి వంతు. మంచు మీద? పద్నాలుగు జతల స్కీలు దున్నేసిన దారి. అంతకు ముందు ఒలింపిక్స్ గెలిచిన స్విట్జర్లాండ్ వాడు బెర్న్‌హార్డ్ రూసీ అప్పటికే 1:46.06తో కింద నిలబడి ఉన్నాడు.

ఆ పరుగును నేను ఎన్నిసార్లు చూశానో చెప్తే మా ఆవిడ నవ్వుతుంది. పసుపుపచ్చ సూట్. మొదటి మలుపులోనే చేతులు రెక్కలు కొట్టుకుంటాయి. ఒక కాలు పైకి లేస్తుంది. మధ్యలో గడియారం చూపిస్తే రూసీ కంటే వెనక. బొమ్మ ఆపి ఆపి చూస్తే మనిషి ముడుచుకుని కూర్చున్న క్షణాలకంటే విచ్చిపోయి ఉన్న క్షణాలే ఎక్కువ కనపడతాయి. నా ఫిజిక్స్ ప్రకారం ఆ మనిషి ఓడిపోవాలి. ఒళ్లంతా గాలికి అడ్డం పెడుతున్నాడు, దుబారా మీద దుబారా. మరి ఎట్లా గెలిచాడు? కింది భాగంలో బెర్నెగ్ అనే చోట అందరూ లోపలికి కోసుకుంటే ఈయన పైనుంచి, కంచె పక్క నుంచి వచ్చాడు. పై ఒళ్లు ఎంత అల్లాడినా కింద స్కీలు మంచును కోయకుండా పారుతున్నాయి. పైన పోగొట్టుకున్నది కింద దాచుకున్నాడు. 1:45.73. తేడా 0.33 సెకను. సగటు వేగం గంటకు 102 కిలోమీటర్ల పైమాట కాబట్టి దూరంలో చూస్తే తొమ్మిది మీటర్ల చిల్లర. మా కాలేజీ ల్యాబులో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా.

ఇరవై ఏళ్లు నేను క్లామర్ మనిషిని. 1974-75 సీజన్‌లో తొమ్మిది డౌన్‌హిల్స్ ఉంటే ఎనిమిది గెలిచాడని ఎవరికైనా చెప్పేవాణ్ని. మా బామ్మర్దికి అది కంఠతా వచ్చేసింది.

తర్వాత ఒక పేరు తగిలింది. రోలాండ్ కొలొంబిన్, స్విట్జర్లాండ్. 1973, 1974 డౌన్‌హిల్ గ్లోబులు రెండూ ఆయనవే. మొత్తం గెలుపులు ఎనిమిదే, ఎందుకంటే అక్కడే ఆగిపోయింది. 1974 డిసెంబరులో, అంటే క్లామర్ బంగారు సీజన్ మొదట్లోనే, వాల్ డిజేర్‌లో ఒక గుబ్బ మీద ఎగిరి పడి వెన్నుపూస దెబ్బతింది. ఏడాది తర్వాత కోలుకుని వచ్చి అదే ఊళ్లో, అదే గుబ్బ మీద మళ్లీ పడ్డాడు. ఇక లేవలేదు, రేసుల్లోకి మాత్రం. ఆ గుబ్బకు ఆయన పేరే ఉండిపోయింది. అంటే క్లామర్ ఎనిమిది గెలిచిన ఏడాది, ఆయన్ని ఆపగలిగిన మనిషి ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు.

అది తెలిసిన రాత్రి నాకు నిద్ర సరిగ్గా పట్టలేదంటే నమ్మండి. లేచి ఆ సీజన్ ఫలితాలు మళ్లీ చదివాను. కిట్స్‌బ్యూల్‌లో క్లామర్ గెలిచింది 0.01 సెకనుతో. గంటకు వంద వేగంలో అది ఇరవై ఎనిమిది సెంటీమీటర్లు, పిల్లల కంపాస్ బాక్సు పక్కన పెట్టుకునే అడుగు స్కేలు కంటే తక్కువ. అంత దగ్గరికి వచ్చింది ఎవరు? ఇటలీ వాడు గుస్తావ్ తోనీ. స్లాలమ్ మనిషి, దగ్గరదగ్గర గేట్ల మధ్య మెలికలు తిరిగే రేసు వాడు! కబడ్డీ ఆడేవాడు వచ్చి కుస్తీలో పెద్ద పహిల్వాన్‌ని దాదాపు పడేసినట్టు. దీనివల్ల క్లామర్ చిన్నవాడు కాడు. 1980 ఒలింపిక్స్ జట్టులో చోటు దొరకని మనిషి 1983లో మళ్లీ గ్లోబ్ గెలిచాడు, 1984లో కిట్స్‌బ్యూల్ గెలిచాడు. అది మామూలు గుండె కాదు. కానీ "అందరికంటే" అనే మాట నా నోటికి ఇక ఈజీగా రాలేదు.

అప్పుడే ఇంకో పని చేశాను, చాలా ఆలస్యంగా. డౌన్‌హిల్ చరిత్రలో వరస గెలుపుల రికార్డు ఎవరిదని చూశాను. పదకొండు. 1972 డిసెంబరు నుంచి 1974 జనవరి దాకా. అందులో 1972-73 సీజన్‌లోని డౌన్‌హిల్స్ ఎనిమిదికి ఎనిమిది ఉన్నాయి. పేరు అన్నెమరీ మోజర్-ప్రోల్, ఆస్ట్రియా ఆమె. ఇరవై ఏళ్లు నేను వాదించిన పేర్లలో ఆ పేరు ఒక్కసారి కూడా లేదు. మా పెద్దబాపు బిడ్డ గుర్తొచ్చింది.

ఎనిమిదికి ఎనిమిది అంటే ఏంటో చూడండి. నూటికి తొంభై పాళ్లు దారిలోనే ఖర్చయ్యే ఆట ఇది. ఒక రోజు ఎండ, ఒక రోజు పొగమంచు. ఒక వాలు మెత్తన, ఒకటి గచ్చు. స్కీల కింద పూసే వ్యాక్స్ ఒక్కటి తప్పినా పోతుంది. ఒక గాలి తెర ఒకరికి వస్తుంది, వెనకవాళ్లకు రాదు. ఇలాంటి ఆటలో ఒకసారి గెలవడానికి అదృష్టం తోడుంటే చాలు. పదకొండుసార్లు వరసగా తోడుండే అదృష్టం లోకంలో లేదు.

మరి ఆమెకు క్లామర్‌కున్న పేరు ఎందుకు లేదు? నాకు తోచిన కారణం 1972 సప్పోరో. డౌన్‌హిల్ ఆమెదే అని అందరూ రాసిపెట్టుకున్నారు. పదిహేడేళ్ల స్విట్జర్లాండ్ పిల్ల మరీ-తెరేజ్ నాడిగ్ 0.32 సెకనుతో కొట్టేసింది. మళ్లీ చదవండి, 0.32. నాలుగేళ్ల తర్వాత క్లామర్ 0.33తో గెలిచి పురాణపురుషుడయ్యాడు. ప్రోల్ 0.32తో ఓడి రెండో పేరైంది. ఇన్స్‌బ్రుక్ ఒలింపిక్స్ ఆమె సొంత దేశంలో వచ్చినప్పుడు ఆమె లేనే లేదు. తండ్రికి జబ్బు చేస్తే ఆ సీజన్ మొత్తం మానేసింది. క్లామర్ పసుపు సూట్ వేసుకుని జనం కేకల మధ్య దిగుతుంటే ఆమె ఎక్కడ ఉండి చూసిందో, చూసిందో లేదో. తిరిగి వచ్చింది, 1978, 79 గ్లోబులు గెలిచింది, 1980 లేక్ ప్లాసిడ్‌లో చివరికి ఆ ఒలింపిక్ డౌన్‌హిల్ 0.70 తేడాతో గెలిచింది. మూడో స్థానంలో నిలబడింది నాడిగ్. ఆ ఏడే ఆట మానేసింది. వయసు ఇరవై ఆరు.

ఇక నలభై మూడు, ముప్పై ఆరు. బామ్మర్దీ, ఇది నీ కోసం.

లిండ్సే వాన్ 2019లో మొదటిసారి రిటైరయ్యేనాటికి 43 డౌన్‌హిల్స్, అన్నీ కలిపి 82. ప్రోల్‌వి 36, అన్నీ కలిపి 62. అంకెల్లో వాన్ పైన, ఒప్పుకుంటా. 82లో 28 సూపర్-జీ గెలుపులు. ప్రోల్ ఆడే రోజుల్లో సూపర్-జీ అనే పోటీయే పుట్టలేదు, అది వరల్డ్ కప్‌లోకి వచ్చింది 1982 డిసెంబరులో. దాన్ని తీసేస్తే నీ మనిషి 54, నా మనిషి 62. ఇప్పుడు 43కే వద్దాం. అందులో 14 ఒక్క కెనడా లేక్ లూయీజ్‌లో గెలిచినవే. ఒక్క చెరువులోనే మూడోవంతు చేపలు. తన ముప్పై ఆరును ప్రోల్ ఇరవై ఆరేళ్లకే ముగించింది, మధ్యలో ఒక సీజన్ ఇంట్లో కూర్చుని. వాన్ 34 దాకా ఆడింది.

నీ తరఫున నేనే ఒక మాట చెప్తా, నువ్వు మరిచిపోతావు. వాన్ 2008 నుంచి 2016 దాకా ఎనిమిది డౌన్‌హిల్ గ్లోబులు గెలిచింది. తప్పిపోయింది 2014 ఒక్కటే, అదీ మోకాలు పోవడం వల్ల. అంటే కాలు బాగున్న ప్రతి ఏడూ ఆమెదే. ప్రోల్‌కు ఈ లెక్క ఒక మెట్టు తక్కువే, 1977 గ్లోబ్ ఆమె ఆడుతుండగానే చేజారింది. ఇంకో మాట, ప్రోల్ కాలంలో ఆడవాళ్ల పోటీలో దేశాలు తక్కువ, ఆస్ట్రియా స్విట్జర్లాండ్ల ఇంటి తగువులాగా ఉండేది. కాదనను. సైలర్ మూడున్నర సెకన్ల దగ్గర నేను పెట్టిన అనుమానాన్ని ప్రోల్ దగ్గరా పెట్టాలి. పెట్టాను కూడా. అయితే పల్చటి పోటీ తేడాను పెంచుతుంది గానీ, పదకొండు వేర్వేరు రోజుల గాలినీ మంచునూ ఒకేలాగా చేయదు. నా తూకం అక్కడే మొగ్గింది. వరసగా రెండు ఒలింపిక్ డౌన్‌హిల్స్ గెలిచిన జర్మనీ ఆమె కాట్యా జైట్సింగర్ పేరు ఎత్తి నన్ను ఇరుకున పెట్టొచ్చు. ఎత్తు, చూద్దాం.

ఇదంతా మొన్న వాట్సాప్‌లో రాసి పంపాను. నాలుగు బ్లూ టిక్కుల మెసేజులు. జవాబు రెండు రోజుల దాకా రాలేదు. మూడో రోజు రాత్రి రెండింటికి, వాడి డ్యూటీ టైములో, ఒక్క ఫోటో వచ్చింది. 2025 మార్చి, సన్ వ్యాలీ. మోకాల్లో టైటానియం ముక్క పెట్టించుకుని, అయిదారేళ్ల తర్వాత మళ్లీ వచ్చి, నలభై ఏళ్ల వయసులో సూపర్-జీలో రెండో స్థానంలో నిలబడ్డ వాన్. కింద ఒకే లైను: "నీ ఆమె ఇరవై ఆరుకే ఇంటికి పోయింది గద బావా."

దానికి నా దగ్గర లెక్క లేదు. "అది సూపర్-జీరా" అని మాత్రం కొట్టాను. నాకే చిన్నతనంగా అనిపించి చెరిపేశాను. వాడు అప్పటికే చదివేశాడు.

ఇది రాసేనాటికి 2026 ఫిబ్రవరి ఒలింపిక్స్ ఇంకా రాలేదు. ఆడవాళ్ల డౌన్‌హిల్ కోర్టినాలో, సైలర్ అరువు పట్టీ కట్టుకుని దిగిన ఊళ్లో. వాన్ అక్కడ దిగాలనే తిరిగొచ్చింది. ఆ ఊళ్లో ఆమెకు పన్నెండు వరల్డ్ కప్ గెలుపులున్నాయి. వాళ్లకు పొద్దున అంటే మనకు నాలుగున్నర గంటలు ముందు, మధ్యాహ్నం దాటాక వస్తుంది. నిద్ర చెడగొట్టుకోవాల్సిన పని లేదు. దేవరకొండకు రమ్మన్నాడు. అత్తమ్మ కూడా చూస్తానంది, లిఫ్టు చూపిస్తేనే.